నాన్న బోర్లించిన రాయి

మీ ఇంటి గుమ్మం ముందు పరిచిన బండకు అడుగువైపు ఏముందో మీరెప్పుడైనా చూశారా? పైవైపు సంగతి నేనడగడం లేదు. పైవైపు రోజూ చూస్తూనే ఉంటారు. దాని మీద చెప్పులు విడుస్తారు, కాళ్ళు కడుక్కుంటారు, పండగొస్తే ముగ్గు వేస్తారు. నేనడిగేది మట్టిలోకి తిరిగి ఉన్న వైపు గురించి. చూడలేదంటే మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. మా ఇంటి పక్కనున్న బండకు అడుగున ఏముందో నాకు పదకొండో ఏట నుంచీ తెలుసు. తెలిసి కూడా ఏళ్ళ తరబడి దాని మీద నడిచాను. దాన్ని తిరగెయ్యాలని బుద్ధి పుట్టడానికి సముద్రాలు దాటి మెక్సికో దాకా వెళ్ళాల్సి వచ్చింది.

నాతో వచ్చింది సుగుణ. రొంపిచెర్ల పిల్ల. కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరైంది, నాకు హాస్టల్ రోజుల నుంచి స్నేహితురాలు. మోకాళ్ళు పూర్తిగా మొరాయించకముందే ఎక్కడికైనా పోదామని తనే పట్టుబట్టి ఒక యాత్రాబృందంలో ఇద్దరి పేర్లూ రాయించింది. ఆ దేశ రాజధానిలో మొదటి రోజే మమ్మల్ని ఒక పాత ప్రభుత్వ భవనంలోకి తీసుకుపోయారు. మెట్ల గోడలన్నీ కింద నుంచి కప్పు దాకా బొమ్మలే. మొక్కజొన్న దంచే ఆడవాళ్ళు, సంతలో కుండలమ్మేవాళ్ళు, గుర్రాల మీద వచ్చిన పరాయి సైనికులు, కొరడా దెబ్బలు తినే కూలీలు, తిరగబడిన రైతులు. దేవుళ్ళూ రాజులూ మూలకు పోయి, చెమట పట్టిన వీపులన్నీ నడిమధ్యకు వచ్చాయి. సుగుణ మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూసి, "ఏమే, వీళ్ళు చరిత్రపాఠాన్ని గోడకెక్కించారే. మనం బోర్డు మీద రాసి గంట కొట్టగానే చెరిపేశాం" అంది.

మర్నాడు ఊరి బయట పెద్ద పిరమిడ్ల దగ్గరికి వెళ్ళాం. ఎండ మాత్రం అచ్చం మాచర్ల ఎండ. పైకెక్కే ఓపిక లేక ఇద్దరం కింద నీడలో కూచుని గోడలు చూశాం. రాళ్ళ మధ్య సున్నంలో బొటనవేలంత గులకరాళ్ళు వరుసగా గుచ్చి ఉన్నాయి. మా గైడు ఒక చిన్నమ్మాయి. అవెందుకని అడిగితే, పడిపోయిన గోడను మళ్ళీ కట్టిన చోటల్లా ఆ గులకరాళ్ళు పెట్టారనీ, పాతదేదో కొత్తదేదో చూసేవాళ్ళు పొరబడకూడదనీ చెప్పింది. ఆ ఒక్క మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. నిన్న కట్టిన గుడికి పదివేల ఏళ్ళ చరిత్ర అంటగట్టే దేశం నుంచి వచ్చినదాన్ని. ఇది మేం తర్వాత కట్టిందండీ అని గోడే ఒప్పుకోవడం నా బతుకులో అదే మొదటిసారి చూడటం.

అలాగని అక్కడి పాతదంతా నెత్తిన పెట్టుకుని ఊరేగుతానని అనుకోవద్దు. పుర్రెలు వరసగా చెక్కిన రాతి అరుగు చూశాను. దేవుడి ఆకలి తీర్చడానికి మనుషుల గుండెలు కోసి పెట్టిన చోటు చూశాను. శిల్పం ఎంత గొప్పదైనా ఆ నెత్తురును నేను అందం ఖాతాలో కొట్టెయ్యలేను. ఆ పూజారుల్ని కూలదోసిన పరాయి పూజారులు మాత్రం ఏం తక్కువ తిన్నారు? గుళ్ళు పడగొట్టి, ఆ రాళ్ళతోనే చర్చీలు కట్టారు, పుస్తకాలు పోగేసి తగలబెట్టారు. నగరం నడిబొడ్డున ఒక పాత మేడ ఉంది. దాని మూల కింద పెద్ద పాము తలను పునాదిరాయిగా పెట్టారు. వీధిన పోయేవాళ్ళు దానికి ఆనుకుని ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. నేను రెండడుగులు ముందుకేసి, వెనక్కి వచ్చి దాన్ని మళ్ళీ చూశాను. ఎందుకో అప్పటికి అర్థం కాలేదు.

అర్థమైంది మ్యూజియంలో. పాముల్ని అల్లి పావడాగా కట్టుకున్న ఒక దేవత విగ్రహం ముందు నిలబెట్టారు మమ్మల్ని. మనిషి మీద సగం మనిషి నిలబడినంత ఎత్తు. మెడలో తెగిన చేతులు, గుండెల దండ. తల ఉండాల్సిన చోట రెండు పాములు ఎదురెదురుగా. గైడు దాని కథ చెప్పింది. రెండు వందల ఏళ్ళ కిందట వీధి బాగుచేస్తుంటే బయటపడిందట. పండితులు విశ్వవిద్యాలయం పెరట్లో నిలబెట్టారట. నాలుగు రోజులు గడిచేసరికి అక్కడి మూలవాసులు రహస్యంగా వచ్చి దాని ముందు పూలు పెట్టడం, కొవ్వొత్తులు వెలిగించడం మొదలెట్టారట. దాంతో, జనం మళ్ళీ పాత దేవతల వైపు పోతారని చదువుకున్న పెద్దలకు భయం పట్టుకుంది. ఆ పెరట్లోనే గొయ్యి తవ్వి విగ్రహాన్ని మళ్ళీ పూడ్చేశారు.

"చానా తెలివైన పండితులే" అని సుగుణ నవ్వింది. బృందమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గైడు ఇంకో మాట కూడా చెప్పింది. ఆ విగ్రహం కాళ్ళ కింద, నేలకు ఆనే వైపు కూడా శిల్పం ఉందట. ఏ కన్నూ ఎప్పటికీ చూడని చోట కూడా ఆ శిల్పి ఉలి ఆపలేదట. గైడు తన సంచిలోంచి దాని ఫోటో ఒకటి బయటికి తీసి చూపించింది. నేను దాన్ని చూస్తూ అక్కడి బల్ల మీద కూలబడ్డాను.

"ఏందే, షుగర్ పడిపోయిందా?" అంది సుగుణ, సంచిలో బిస్కెట్ల కోసం వెతుకుతూ.

"మా నాన్న కూడా ఒక రాయిని పూడ్చాడు సుగుణా. పూడ్చనిచ్చింది నేను" అన్నాను.

మా ఊరు పల్నాడులో, దుర్గికి నాలుగు మైళ్ళు. నాన్న బడిపంతులు. ఊళ్ళో అందరికీ మాస్టారు. దేవుడు లేడన్న సంగతిని ఆయన గుట్టుగా దాచుకున్న రకం కాదు. ఇంటి గోడకు సున్నం కొట్టించి, 'చూసి నమ్మండి' అని బొగ్గుతో పెద్దక్షరాలు రాసిన మనిషి. ఏటా సున్నం వేసినప్పుడల్లా ఆ అక్షరాలు పోయేవి, ఆయన మళ్ళీ రాసేవాడు. ఇంటి పక్కన ఒంటి గది కట్టించి, పేపర్లూ పుస్తకాలూ పెట్టి, దాన్ని చదువులగది అనేవాడు. అమ్మ ఆ గదిని తుడిచేది గాని, ఆ వాదాల్లో ఎప్పుడూ నోరు కలిపేది కాదు.

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో రెండు తప్పేవి కావు. ఒకటి తలంటు, రెండోది వాదన. పెరట్లో పొయ్యి మీద కాగు ఎక్కించి మిరపకట్టెతో నీళ్ళు కాచేవారు. ఆ పొగ ఘాటుకు వీధి చివర వాళ్ళు కూడా దగ్గేవారు. అమ్మ నా నెత్తిన నువ్వులనూనె మర్దించి, కుంకుడుకాయల రసం పోసి రుద్దుతుంటే, నాన్న వేపపుల్ల నములుతూ ఎదురుగా స్టూలు మీద కూచుని ఆ వారం విషయం చెప్పేవాడు. రాహుకాలం ఉందా లేదా. బల్లి మీద పడితే కీడా కాదా. ఇంట్లో ఒకటే నియమం. మనం నమ్మని పక్షాన నిలబడి వాదించాలి. బల్లి పక్షాన నేను, బల్లికి వ్యతిరేకంగా ఆయన. "ఎదుటివాడి వాదం వాడికంటే బాగా చెప్పగలిగినప్పుడే దాన్ని కొట్టే హక్కు నీకొచ్చుద్ది" అనేవాడు. కుంకుడు రసం కళ్ళలో పడి నేను ఏడుస్తుంటే, "కళ్ళు మండినా బుర్ర పనిచెయ్యాలే. చెప్పు, బల్లికి భవిష్యత్తు ఎట్టా తెలిసింది?" అని అడిగేవాడు. ఇప్పటికీ కుంకుడు వాసన తగిలితే నాకు ఎవరితోనైనా వాదం పెట్టుకోవాలనిపిస్తుంది. నా రాతల్లో మంట ఎక్కడిదని అడిగేవాళ్ళకు ఇదే జవాబు.

నాకు పదకొండో ఏడు వచ్చిన సంవత్సరం, నాన్నకు పెదతండ్రి కొడుకు, నేను కోటయ్య పెదనాన్న అని పిలిచే ఆయన, మిరపచేలో కాలువ తవ్విస్తుంటే ఒక రాయి బయటపడింది. నా గుండెల దాకా వచ్చే తెల్లటి పలక. దాని మీద ఒక ఆడమనిషి, చెయ్యెత్తి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడి ఉంది. సాయంత్రానికి దానికి పసుపు పూశారు. మర్నాటికి చెట్టమ్మ అని పేరు పెట్టారు. మూడో రోజుకు ఎవరికో జ్వరం తగ్గింది. వారం తిరిగేసరికి పసుపూ నూనే మట్టీ కలిసి, ఆ శిల్పం మీద అంగుళం మందాన గట్టిపడిపోయింది. వచ్చే ఆదివారం మేకపోతును కొడతామని పెదనాన్న చాటించాడు.

నాన్న ఊగిపోయాడు. ఊరంతా తిరిగి వాదించాడు. కానీ ఒక్కసారి కూడా ఆ చేనికి వెళ్ళి రాయిని చూడలేదు. అమ్మ అడిగింది, "అంత మాట్లాడుతున్నారు గదా, పోయి చూసి రాగూడదా?" అని. నాన్న చెయ్యి విదిల్చి, "నేను పోతే ఏమంటారో తెలుసా? మాస్టారు కూడా దర్శనానికొచ్చాడంటారు. పోను" అన్నాడు. చూసి నమ్మండని గోడ మీద రాసిన మనిషి, చూస్తే దర్శనం చేసుకున్నట్టవుతుందని చూడటం మానేశాడు. ఇలాంటి పొరపాటు భక్తుడు చెయ్యడు. మా నాస్తికులే చెయ్యగలరు.

శుక్రవారంనాడు వీరాచారి మామ వచ్చాడు. దుర్గి శిల్పి. దేవుళ్ళ బొమ్మలు చెక్కడం ఆయన అసలు పని. అయినా ఏడాదికోసారి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, అరిగిపోయిన రోళ్ళకూ సన్నికళ్ళకూ గంట్లు కొట్టి గరుకు చేసి పోయేవాడు. మెక్సికో సంతలో కూడా ఒక ముసలాయన మూడుకాళ్ళ సన్నికల్లును ఒళ్ళో పెట్టుకుని అలాగే టక్ టక్ మని కొడుతూ కనిపించాడు. ఆ చప్పుడుకు నేను ఆగిపోతే సుగుణ చెయ్యి పట్టి లాక్కుపోయింది. మామ మా పెరట్లో గోనెపట్టా మీద కూచుని రోలుకు గంట్లు కొడుతుంటే నేను పక్కన చేరాను. అమ్మ చాటలో ఎండుమిరపకాయల తొడాలు తీస్తోంది.

"మామా, చెట్టమ్మను చూశావా?"

"పొద్దున్నే చూశా. తడిగుడ్డతో ఒక పక్క పసుపు తుడిచి మరీ చూశా. నీ పెదనాన్న తిట్టాడు."

"ఎవరామె?"

ఆయన ఉలి ఆపాడు. "డ్యాము నీళ్ళు రాకముందు ఆ కొండలోయలో తవ్వకాలు జరిగినయ్యి గదా, అక్కడ నేను రెండేళ్ళు కూలిపని చేశా. ఇట్టాంటియ్యి పదిరాళ్ళు నా చేతుల మీదుగా బండెక్కినయ్యి. ఆఫీసరుగారు చెప్పేవాడు, మేం వినేవాళ్ళం. ఆమె దేవత గాదు అమ్మాయ్. బుద్ధుడి తల్లి. చెట్టుకింద నిలబడి కంటోంది."

"మరి బిడ్డేడీ?"

"అదే చూడాల్సింది. పక్కన నలుగురు ఒక పొడుగాటి గుడ్డ పట్టుకుని ఉంటారు. ఆ గుడ్డ మీద బిడ్డ ఉండడు. చిన్న చిన్న పాదాల గుర్తులుంటయ్యి, అంతే. చెక్కటం రాక గాదు. ఆయన బొమ్మను చెక్కరాదని ఆ పాతోళ్ళు అనుకున్నారంట. చెక్కితే జనం మొక్కుతారని భయపడ్డారేమోనని నా ఊహ. ఇప్పుడు మీ పెదనాన్న ఆ రాతికే మొక్కుతున్నాడు."

అమ్మ తొడాలు తీయడం ఆపి వింది.

ఆదివారం పొద్దున్నే మా వీధి నిండింది. మేకపోతును మా అరుగు ముందు గుంజకే కట్టేశారు. నాన్న లేచి ఏదో చెప్పబోతే కోటయ్య పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"తమ్ముడూ, నీలాగా మాట్లాడటం నాకు రాదు. నా తరఫున నీ కూతురు మాట్లాడుద్ది. ఎదురుపక్క వాదించటం నువ్వేగా నేర్పింది. పిల్ల గెలిస్తే చెట్టమ్మ నా చేలో నిలబడుద్ది, పోతు తెగుద్ది. ఓడితే ఆ రాయి నీ ఇష్టం."

"మాట తప్పవుగా?" అన్నాడు నాన్న.

"పల్నాడోణ్ణి రా. తప్పితే నన్ను పేరుపెట్టి పిలువు."

జనం నవ్వారు. నన్ను అరుగెక్కించారు. నేను మొదలెట్టాను. నమ్మకం మనిషికి ధైర్యమిస్తుంది అన్నాను, రాయి ఎవరికీ హాని చెయ్యలేదు అన్నాను, మాస్టారు జెండాకు దండం పెట్టరా అని కూడా అడిగాను. దానికి ఈలలు వేశారు. నాన్న మొహం చూశాను. మామూలుగా నేను బాగా మాట్లాడితే ఆయన కళ్ళు మెరిసేవి. ఆ రోజు మెరవలేదు. చేతిలో వేపపుల్లను ముక్కలు ముక్కలుగా విరుస్తున్నాడు. అందరిముందూ కూతురి చేతిలో ఓడిపోతానేమోనని ఆయనకు భయం వేసిందని నాకు అర్థమైంది. ఆయన గట్టిగా గొంతు సవరించుకుని ఒక్క ప్రశ్న వేశాడు.

"సరే. మొక్కుతామంటున్నారు, పోతును కొడతామంటున్నారు. ఆ రాతిలో ఉన్నది ఎవరు? ఎవరో తెలియనిదాన్ని ఎట్టా నమ్ముతారు? చెప్పమ్మా. ఆమె ఎవరో నీకు తెలుసా?"

నాకు తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు ఊరు మొత్తంలో నాకూ, మామకూ, లోపల గుమ్మం వెనక నిలబడ్డ అమ్మకూ తెలుసు. ఆ జవాబు చెబితే పోతూ తెగదు, రాయీ పడదు. ఆమె దేవత కాదని పెదనాన్నకు తేలేది, తాను చూడకుండానే మాట్లాడానని నాన్నకు తేలేది. కానీ నాన్న ఓడిపోయేవాడు. నేను ఆయన చేతినే చూస్తూ "తెలియదు" అన్నాను.

మేకపోతును కాపాడటానికి అబద్ధమాడానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నాన్న గెలవాలనే ఆడాను.

పెదనాన్న ఒక్క నిమిషం నిలబడి, పోతు మెడలో తాడు విప్పాడు. సాయంత్రానికి తన బండి మీద తనే ఆ రాయిని తోలుకొచ్చి మా వీధిలో దించాడు. ఆ రోజుల్లో ఓడినవాడు మాట మీద నిలబడేవాడు. గెలిచినవాడు వాడింటికి పోయి మజ్జిగ తాగి వచ్చేవాడు. నాన్న తాగొచ్చాడు కూడా. ఇప్పుడు నేనొక వ్యాసం రాస్తే, చదవకుండానే ఫోనులో నా పుట్టుక గురించి తిట్లు వస్తాయి. మావైపువాళ్ళూ అంతే, ఎదుటివాడి పుస్తకం తెరవకుండానే కొట్టేస్తారు. ఆ కాలమంతా బంగారమని నేననను. మా అరుగు మీద కూచునే హక్కు ఊళ్ళో సగం మందికి లేదు, ఆడపిల్లల్లో నా ఒక్కదానికే ఉంది. కానీ కూచున్నవాళ్ళు చివరిదాకా వినేవాళ్ళు.

మర్నాడు, చదువులగది ముందు ఆ రాయిని బోర్లించి మెట్టుగా పరచమని నాన్న వీరాచారి మామకు పురమాయించాడు. "మాస్టారూ, ఒక్కసారి చూడండి" అన్నాడు మామ. నాన్న మొహం తిప్పుకుని, "చెక్కిన వైపు కిందికి" అని బడికి వెళ్ళిపోయాడు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "నీ దగ్గరున్నదంతా చెప్పావా?" అని అడిగింది. "చెప్పా" అన్నాను. ఆ వారంలోనే మా ఇంట్లో పిండిజల్లెడ చిరిగి, చట్రం ఊడిపోయి కనిపించింది. గ్లాసు కిందపడితే గంటసేపు సాధించే అమ్మ, అంత కొత్త జల్లెడ గురించి నోరెత్తలేదు. నాకది వింతగా ఉండి, అందుకే గుర్తుండిపోయింది.

నాన్న ఆ మెట్టు మీదే కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. ఏడాదికోసారైనా ఆ మెట్టు మీద నిలబడే బుద్ధుడి గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. "ఎవరో చెప్పారని నమ్మొద్దన్న మనిషి రా. మన గడ్డ మీద ఒకప్పుడు ఇంటింటా ఆయన మాటే. ఒక్క రాయన్నా మిగల్చకుండా పోగొట్టుకున్నాం" అనేవాడు. నేను కింద చాప మీద కూచుని ఆయన పాదాల వంకే చూస్తూ ఉండేదాన్ని. ఒక ఏడు చెబుదామనుకుని మరుసటేడుకు వాయిదా వేశాను. వాయిదా వేసిన కొద్దీ చెప్పడం బరువైంది. ఆఖరి రోజుల్లో మంచం మీద నుంచే కిటికీలోంచి చూపించి, "ఆ రాయి బలే కుదిరిందే" అన్నాడు. అవునన్నాను. తర్వాత రెండేళ్ళకు అమ్మ కూడా పోయింది. ఇల్లూ గదీ అమ్మేశాం.

మెక్సికో నుంచి వచ్చాక పది రోజులు కూడా ఆగలేదు. సుగుణనూ, మామ కొడుకు బ్రహ్మాన్నీ వెంటబెట్టుకుని ఊరికి వెళ్ళాను. బ్రహ్మం ఇప్పుడు దుర్గిలో నాయకుల విగ్రహాలు చెక్కుతాడు. చదువులగది కోటయ్య పెదనాన్న కొడుకు శేషయ్య చేతిలో ఉంది. ఎరువుల బస్తాలు నింపాడు. గోడ మీద నాన్న అక్షరాలున్న చోట విత్తనాల కంపెనీ రంగు వేసి ఉంది. మెట్టు మాత్రం అక్కడే ఉంది, అరిగి నున్నగా.

నేను అడిగింది విని శేషయ్య మెట్టు మీదే కూచున్నాడు. "అక్కా, తిరగేస్తే రేప్పొద్దునకల్లా మళ్ళీ పసుపు పూస్తారు. లేదంటే ఆఫీసోళ్ళొచ్చి నా స్థలానికి కంచె వేస్తారు. ఎవుళ్ళకీ అడ్డం లేకుండా పడుంది. పడుండనియ్."

జనం మొక్కుతారని రాయిని బోర్లించిన మా నాన్న కూడా ఇదే అనేవాడు. అప్పుడు చెప్పాను. ఆ రోజు మీ నాన్న ఓడిపోలేదనీ, నాకు జవాబు తెలిసి కూడా తెలియదన్నాననీ, మీ చేలో దొరికింది ఏమిటో తెలుసుకోకుండానే మీ నాన్న పోయాడనీ, మా నాన్నా అంతేననీ. సుగుణ నా భుజం పట్టుకుంది. శేషయ్య అరచేత్తో మెట్టు మీద మట్టి తుడిచాడు.

"మా నాయన చచ్చిందాకా ఆ మాటే చెప్పేవాడు. తమ్ముడి కూతురు నా తరఫున బలే మాట్లాడింది రా, ఒక్క ప్రశ్నకాడ చిక్కుకుపోయింది పిల్ల అని" అన్నాడు చివరికి. లేచి పంచె దులుపుకున్నాడు. "ఏంది చూస్తావు బ్రహ్మం, గునపం తే."

నలుగురు పట్టి రాయిని పక్కకు ఒరిగించేసరికి మధ్యాహ్నమైంది. ముక్కలైపోయి ఉంటుందని, మన్ను తినేసి ఉంటుందని నేను సిద్ధపడే ఉన్నాను. కింద నల్లరేగడి కనబడలేదు. తెల్లగా, మెత్తగా, జానెడు మందాన ఇసుక పరుపు. బ్రహ్మం గుప్పిట్లోకి తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జార్చాడు.

"ఇది ఇక్కడి మన్ను కాదక్కా. వాగు ఇసుక. ఒక్క రాతిపలుకు లేకుండా జల్లించింది. మొహానికి దెబ్బ తగలగూడదని మా నాయన పోసుంటాడు."

జల్లించింది. పిండిజల్లెడతో జల్లించింది. అమ్మ ఏ వాదనలోనూ నోరు కలపలేదని ఇందాక రాశాను. ఆ వాక్యం తప్పు. నాన్న గెలిచి బడికి వెళ్ళాడు, నేను అబద్ధం చెప్పి ఆడుకోవడానికి పోయాను. అమ్మా, వీరాచారి మామా ఆ పెరట్లో కూచుని ఇసుక జల్లించారు. ఎప్పుడో ఎవరో ఈ రాయిని మళ్ళీ తిరగేస్తారని నమ్మి జల్లించారు. నమ్మకం అన్న మాటను నేను నా జీవితంలో అంత గౌరవంగా వాడటం ఇదే మొదలు.

బ్రహ్మం తడిగుడ్డతో తుడిచాడు. ఆనాటి పసుపు పొర ఎక్కడా లేదు, శుభ్రంగా కడిగి మరీ బోర్లించారు. ఆమె చెయ్యెత్తి కొమ్మ పట్టుకునే ఉంది. పక్కన నలుగురు గుడ్డ పట్టుకుని ఉన్నారు. ఆ గుడ్డ మీద చిటికెన వేలి గోరంత పాదాలు, వరుసగా, ఒక్కటి కూడా చెరగలేదు. సుగుణ వంగి వాటిని లెక్కపెట్టబోయి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఈలోగా వీధి పోగైంది. ఒకామె అప్పుడే పసుపు పొట్లం విప్పుతూ ముందుకొచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా వైపు చూసి, "ఎవరు పెద్దమ్మా ఈమె? నీకు తెలుసా?" అంది.

"తెలుసు" అన్నాను. "కూచో. చెప్తా."

ఆ సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాను. ఆమె చివరిదాకా విని, పొట్లం మళ్ళీ మడిచి కొంగున ముడేసుకుంది. రాయిని గది లోపల గోడకు ఆనించి నిలబెట్టాం. ఎక్కడ దొరికిందీ, ఎవరు ఎందుకు బోర్లించిందీ, నేనేం దాచిందీ, అంతా రాసి పురావస్తు శాఖకు ఉత్తరం పంపాను. కింద శేషయ్య కూడా సంతకం పెట్టాడు, స్థలానికి కంచె పడితే పడనియ్యమంటూ. ఎరువుల బస్తాలు తీసేసి గది మళ్ళీ చదువులగది చేస్తానంటున్నాడు. చేస్తాడో లేదో చూడాలి.

ఇక మీ సంగతి. మీరు ఆస్తికులైనా, నాకు లెక్క లేదు. నాలాంటివాళ్ళే అయినా, లెక్క లేదు. మన ఊళ్ళలో పశువుల పాకల్లో, బట్టలుతికే బండల్లో, వాకిట్లో మెట్లల్లో బోర్లా పడున్న రాళ్ళు ఇంకా ఉన్నాయి. నిలబెట్టి పసుపు పూసినవాడూ వాటిని చూడలేదు. బోర్లించి కాలితో తొక్కినవాడూ చూడలేదు. మీరు చూడండి. ఈ పుస్తకం మూసి లేవండి. గునపం తెచ్చుకోండి, పక్కింటివాళ్ళను సాయం పిలవండి, అంచు దెబ్బతినకుండా మెల్లగా ఎత్తండి. తిరగేసి, తడిగుడ్డతో తుడిచి, ఏముందో చూడండి. ఎవరైనా ఆమె ఎవరని అడిగితే, మీకు తెలిసింది తెలిసినట్టు చెప్పండి. మీ నాన్న ఓడిపోయినా సరే చెప్పండి.